తిరిగే గిన్నెలో నీళ్లు: కంప్యూటర్‌లో సిమ్యులేషన్ మొదటి నుంచి చివరి దాకా

గ్లాసు అడుగున కాస్త టీ పొడి ఉండగా చెంచాతో గిరగిరా తిప్పి, చెంచా తీసేసి చూడండి. గుండ్రంగా తిరిగే నీళ్లలో బరువైన పొడి అంచులకు పోవాలి కదా? పోదు. అడుగున సరిగ్గా మధ్యలో కుప్పగా చేరుతుంది. దీనికి 1926లో ఐన్‌స్టీన్ వివరణ రాశాడు. అడుగుకు ఆనుకున్న పల్చటి పొర రాపిడి వల్ల నెమ్మదిస్తుంది. పై నీళ్ల తిరుగుడు వల్ల పుట్టిన ఒత్తిడి మాత్రం ఆ పొర మీద అలాగే ఉంటుంది. బయటికి పోవాలనే ఊపు తగ్గి, లోపలికి నెట్టే ఒత్తిడి మిగిలేసరికి ఆ పొర పొడిని మధ్యకు ఊడ్చుకుపోతుంది.

ఇప్పుడు చెంచా వదిలేసి గ్లాసునే తిప్పుతున్నాం అనుకోండి. అంతా తిరగబడుతుంది. అడుగు ముందు కదులుతుంది, నీళ్లు వెనకబడతాయి. అడుగు పొర బయటికి విసరబడుతుంది, దాని స్థానంలోకి పై నుంచి నీళ్లు దిగుతాయి. నీళ్లన్నీ గిన్నెతో సమానంగా తిరగడానికి ప్రధాన కారణం ఈ దొంగచాటు ప్రవాహమే. ఇది అసలు తిరుగుడు కంటే వెయ్యి రెట్లకు పైగా చిన్నది. సిమ్యులేషన్ చేసేవాళ్లు ఎక్కువగా బోల్తా పడేది ఇక్కడే. బొమ్మ రంగురంగులుగా అందంగా వస్తుంది, ఈ చిన్న ప్రవాహం మాత్రం అందులో ఉండదు. అందుకే ఈ మార్గదర్శిలో ఎక్కువ చోటు దానికే ఇచ్చాను.

ముందు కాగితం మీద

కంప్యూటర్ ముట్టుకోకముందే జవాబు ఎంత రావాలో లెక్క కట్టి పెట్టుకోండి. పది నిమిషాల పని.

మన గిన్నె గుండ్రటి స్థూపాకారం. వ్యాసార్ధం 10 సెం.మీ., నీటి లోతు 10 సెం.మీ., నిమిషానికి 60 చుట్లు. అంటే సెకనుకు ఒక చుట్టు, రేడియన్లలో 6.283. అంచు దగ్గర వేగం సెకనుకు 0.628 మీటర్లు.

మొదటి లెక్క ఉపరితలం గురించి. నీళ్లు పూర్తిగా గిన్నెతో కలిసి ఒక దిమ్మలా తిరిగే స్థితికి చేరాక పైభాగం పారాబోలా ఆకారంలో గుంట పడుతుంది. మధ్యకూ అంచుకూ ఎత్తు తేడా ఎంతంటే: కోణీయ వేగం వర్గాన్ని వ్యాసార్ధం వర్గంతో గుణించి, గురుత్వ త్వరణానికి రెట్టింపుతో భాగించాలి. మనకు 2.01 సెం.మీ. వస్తుంది. ఇందులో సగం మధ్యలో దిగుతుంది, సగం అంచున లేస్తుంది. అంటే మధ్యలో లోతు సుమారు 9 సెం.మీ., అంచున 11. మధ్య నుంచి 7.07 సెం.మీ. దూరంలో మట్టం మొదట ఎంత ఉందో చివరికీ అంతే ఉంటుంది. ఈ మూడు అంకెలూ చివర్లో పనికొస్తాయి, రాసిపెట్టుకోండి.

ఈ సూత్రం ఎంత నమ్మకమైనదంటే దాని మీద టెలిస్కోపులే కట్టారు. ఉత్తరాఖండ్‌లోని దేవస్థల్ కొండ మీద 4 మీటర్ల వెడల్పు పళ్లెంలో పాదరసం తిప్పి అద్దంగా వాడుతున్నారు. 2022లో అది ఆకాశాన్ని చూడడం మొదలుపెట్టింది. దాని నాభ్యంతరం 8 మీటర్లు. అదే పారాబోలా లెక్క వేస్తే దాదాపు 8 సెకన్లకు ఒక చుట్టు తిరగాలని వస్తుంది, అది తిరిగేదీ అంతే.

రెండో లెక్క సమయం గురించి, అసలు మెలిక ఇక్కడుంది. పక్క గోడల రాపిడి ఒక్కటే నీళ్లను తిప్పాలంటే ఎంత సేపు పడుతుంది? వ్యాసార్ధం వర్గాన్ని నీటి స్నిగ్ధతతో (విస్కాసిటీతో) భాగిస్తే 10,000 సెకన్లు, అంటే రెండుముప్పావు గంటలు. స్థూపాకారానికి తగిన గుణకం వేసి సరిచేసినా 680 సెకన్లు, పదకొండు నిమిషాల పైమాట. అడుగు పొర పనిచేస్తే? లోతును స్నిగ్ధత, కోణీయ వేగాల లబ్ధం యొక్క వర్గమూలంతో భాగించాలి. 40 సెకన్లు! ఈ రెండో సూత్రాన్ని 1963లో గ్రీన్‌స్పాన్, హోవార్డ్ వివరంగా తేల్చారు.

ఆ అడుగు పొరకు ఎక్మన్ పొర అని పేరు. స్వీడన్ శాస్త్రవేత్త ఎక్మన్ 1905లో సముద్రంలో గాలి, ప్రవాహాల లెక్క రాస్తూ దీన్ని కనిపెట్టాడు. ధ్రువ ప్రాంతంలో మంచు గడ్డలు గాలి వీచే వైపు కాకుండా కాస్త కుడికి తేలిపోతున్నాయని నార్వే అన్వేషకుడు నాన్సెన్ గమనించడంతో మొదలైన కథ అది. మన గిన్నెలో ఈ పొర మందం, అంటే స్నిగ్ధతను కోణీయ వేగంతో భాగించి తీసిన వర్గమూలం, 0.4 మిల్లీమీటర్లు. పది సెంటీమీటర్ల నీళ్లను అర మిల్లీమీటరు కూడా లేని పొర నడిపిస్తోందన్నమాట.

ఏ సాఫ్ట్‌వేర్?

నేను ఓపెన్‌ఫోమ్ అనే ప్రవాహాల సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్ వాడతాను. ఉచితం, 2004 నుంచి ఓపెన్ సోర్స్. ఒక చిక్కు ఉంది: ఇదే పేరుతో రెండు శాఖలున్నాయి. ఒకటి ఈఎస్ఐ వాళ్లది, రెండోది ఫౌండేషన్ వాళ్లది. ఫౌండేషన్ శాఖలో 11వ వెర్షన్ నుంచి సాల్వర్ల (సమీకరణాలు సాధించే ప్రోగ్రాముల) పేర్లు మారిపోయాయి. నీళ్లొక్కటే ఉన్నప్పుడు పింపుల్‌ఫోమ్ చేసే పనిని ఇన్‌కంప్రెసిబుల్‌ఫ్లూయిడ్ అనే మాడ్యూల్, నీళ్లూ గాలీ కలిసి ఉన్నప్పుడు ఇంటర్‌ఫోమ్ చేసే పనిని ఇన్‌కంప్రెసిబుల్‌వీఓఎఫ్ చేస్తాయి. యూట్యూబ్‌లో పాత వీడియో చూసి కొత్త వెర్షన్‌లో అవే కమాండ్లు కొట్టి ‘పని చేయట్లేదు’ అని టెన్షన్ పడకండి. నేనిక్కడ పాత పేర్లే వాడుతున్నాను. మీ దగ్గర ఫ్లుయెంట్ లాంటిది ఉన్నా లెక్కంతా ఇదే, బటన్లే వేరు.

మెష్‌ను (లెక్క కోసం నీళ్లను సెల్‌లు అనే చిన్న గళ్లుగా విడగొట్టే వలను) తిప్పాలా, గోడలను తిప్పాలా? చాలామంది మొదట అడిగే ప్రశ్న. గిన్నె గుండ్రంగా ఉండి, లోపల అడ్డుపలకలేమీ లేకపోతే మెష్ తిప్పే పనే లేదు. గుండ్రటి గోడ తిరిగినా దాని ఆకారం మారదు. గోడకు అంటుకున్న నీళ్లు ఏ వేగంతో పోవాలో చెబితే చాలు. గిన్నె చతురస్రంగా ఉన్నా, లోపల రెక్కలున్నా అప్పుడు మెష్ మొత్తాన్ని దిమ్మలా తిప్పాలి. అప్పుడు కూడా లోపలొక భాగం, బయటొక భాగం చేసి మధ్యలో జారే అతుకు పెట్టడం అనవసరం. అంతా కలిసి తిరుగుతున్నప్పుడు అతుకు దేనికి?

మెష్: తొందరపడకూడని చోటు

గిన్నె మొత్తం గీయొద్దు. గుండ్రటి కేకులోంచి సన్నటి ముక్క కోసినట్టు 5 డిగ్రీల చీలిక తీసుకోండి, చుట్టూ దిశలో ఒక్కటే సెల్. ఆ రెండు పక్కలకూ వెడ్జ్ అనే రకం ఇస్తే మిగతా 355 డిగ్రీలూ ఇలాగే ఉన్నాయని సాల్వర్ అర్థం చేసుకుంటుంది. చుట్టూ తిరిగే వేగాన్ని కూడా అది సరిగ్గానే లెక్కలోకి తీసుకుంటుంది. ఓపెన్‌ఫోమ్‌లో మెష్ తయారుచేసే బ్లాక్‌మెష్‌లో అక్షం దగ్గర చీలిక మొన తేలుతుంది కాబట్టి అక్కడి జంట శీర్షాలకు ఒకే నంబరు రాయండి.

ఇప్పుడు సెల్‌ల లెక్క. నిలువుగా 80 సెల్‌లు, పైకి పోయేకొద్దీ పెద్దవవుతూ ఉండాలి. బ్లాక్‌మెష్ అడిగేది పక్కపక్క సెల్‌ల నిష్పత్తి కాదు, చివరి సెల్ మొదటిదానికి ఎన్ని రెట్లు అన్నది. అక్కడ 100 ఇవ్వండి. అడుగున మొదటి సెల్ 0.057 మి.మీ. వస్తుంది, పైన చివరిది 5.7 మి.మీ. ఎక్మన్ పొరకు మూడు రెట్ల ఎత్తు, అంటే 1.2 మి.మీ. లోపల సుమారు 14 సెల్‌లు పడతాయి. అది చాలు. పైన అంత పెద్ద సెల్‌లా అని కంగారు వద్దు. వేగంగా తిరిగే నీళ్లు నిలువు స్తంభాల్లా ఒక్కటిగా కదులుతాయి, పొర పైన ఎత్తుతో పాటు మారేది పెద్దగా ఉండదు.

అడ్డంగా 60 సెల్‌లు, మధ్య నుంచి గోడ వైపు చిన్నవవుతూ, నిష్పత్తి 0.05. గోడ దగ్గర సెల్ 0.26 మి.మీ. అవుతుంది. పక్క గోడ పొర కొన్ని మిల్లీమీటర్ల మందం ఉంటుంది కాబట్టి అక్కడ ఇంతకంటే చిన్నది అక్కర్లేదు. మొత్తం 4,800 సెల్‌లు, మామూలు ల్యాప్‌టాప్ మీద నడుస్తుంది.

నేను మొదటిసారి చేసినప్పుడు అన్నివైపులా 2 మి.మీ. సెల్‌లు సమానంగా పరిచాను. చూడ్డానికి నీటుగా ఉందని మురిసిపోయాను కూడా. 40 సెకన్లు రావాల్సిన చోట 100 దాటింది. రెండు రోజులు సాల్వర్ సెట్టింగులన్నీ మార్చి చూశాక అసలు సంగతి తెలిసింది. 2 మి.మీ. సెల్ మధ్యబిందువు అడుగు నుంచి 1 మి.మీ. ఎత్తులో ఉంటుంది, 0.4 మి.మీ. పొర మొత్తం దాని కిందే ఉండిపోతుంది. ఆ దూరం మీద లెక్కించిన రాపిడి అసలు కంటే బాగా తక్కువ. దాంతో బయటికి పోయే ప్రవాహం నిజానికి ఉండాల్సిన దానిలో నలభై శాతమే వస్తుంది. సమయం రెండున్నర రెట్లవడం అక్కడి నుంచే. కంప్యూటర్ ఒక్క హెచ్చరిక కూడా ఇవ్వలేదు.

గోడలకు ఏం చెప్పాలి

అడుగుకూ పక్క గోడకూ రొటేటింగ్‌వాల్‌వెలాసిటీ అనే షరతు ఇవ్వండి. దానికి మూడే కావాలి: అక్షం మీద ఒక బిందువు, అక్షం దిశ, కోణీయ వేగం. ఈ వేగం రేడియన్లలో ఇవ్వాలి, నిమిషానికి చుట్లలో కాదు. ఇదెంత చిన్న మాటో అంత పెద్ద గొడవ. ఒకసారి 6.283 బదులు అలవాటుకొద్దీ 60 అని రాసేశాను. లెక్క ప్రకారం మధ్యకూ అంచుకూ తేడా 1.83 మీటర్లు కావాలి. గిన్నె ఎత్తు చూస్తే 15 సెంటీమీటర్లు. పొద్దున లేచి చూసేసరికి నీళ్లన్నీ పై అంచు దాటి వెళ్లిపోయి, ఖాళీ గిన్నె గాలిని తిప్పుతూ కూర్చుంది.

మొదటి దశలో గాలి, ఉపరితలం వద్దు. పైన రాపిడి లేని చదునైన మూత పెట్టండి, అంటే స్లిప్ షరతు. అన్ని వైపులా మూసేశాం కాబట్టి ఒత్తిడికి ఏదో ఒక సెల్‌లో సున్నా అని ఆధారం ఇవ్వాలి. నీటి స్నిగ్ధత 20 డిగ్రీల దగ్గర చదరపు మీటరులో పది లక్షల వంతు, సెకనుకు. పై లెక్కలన్నీ దానితోనే వేశాను. మన ఎండల్లో 30 డిగ్రీల నీళ్లతో పోల్చబోతుంటే దాన్ని 0.8తో గుణించండి. 40 సెకన్లు కాస్తా 45 దగ్గరికి వస్తుంది.

టర్బులెన్స్ (అల్లకల్లోల ప్రవాహం) మోడల్ పెట్టొద్దు. అలవాటుగా కే-ఎప్సిలాన్ అనే మోడల్ తగిలించేవాళ్లు చాలామంది. ఈ గిన్నెలో పొర లామినార్‌గానే, అంటే సుడులు లేకుండా సాఫీగానే ఉంటుంది. మోడల్ పెడితే లేని స్నిగ్ధతను కలిపి, మన చిన్న ప్రవాహాన్ని పాడుచేస్తుంది.

మొదటి రన్: నిశ్చలం నుంచి మొదలుపెట్టకండి

సహజంగా ఎవరైనా నిలకడ నీళ్లతో మొదలుపెడతారు. కానీ 40 సెకన్ల సూత్రం వేగంలో చిన్న మార్పుకే కచ్చితంగా వర్తిస్తుంది. నిశ్చలం నుంచి తిప్పితే కథ వేరు. పక్క గోడ నుంచి తిరిగే నీటి వలయం లోపలికి పెరుగుతూ వస్తుంది, మధ్యలో కదలని భాగం కుంచించుకుపోతుంది. దాన్ని 1964లో వెడెమేయర్ వివరించాడు. సమయం కూడా 40 కంటే బాగా ఎక్కువే, రెట్టింపు దాటినా ఆశ్చర్యం లేదు.

అందుకే పరీక్ష రన్ ఇలా పెట్టండి. నీళ్లు ముందే నిమిషానికి 54 చుట్లతో దిమ్మలా తిరుగుతున్నాయి, సున్నా సెకను దగ్గర గోడలు ఒక్కసారిగా 60కి పెరిగాయి. నీళ్ల మొదటి వేగాన్ని ఈఎస్ఐ శాఖలోని setExprFields అనే పనిముట్టుతో సమీకరణంగా ఇవ్వొచ్చు: ప్రతి బిందువులోనూ అక్షం నుంచి దూరాన్ని 5.655తో గుణించి చుట్టూ దిశలో వేయడమే.

టైమ్ స్టెప్ 0.005 సెకన్లు, 200 సెకన్ల దాకా. కోరంట్ సంఖ్య (ఒక్క టైమ్ స్టెప్‌లో నీళ్లు ఎన్ని సెల్‌లు దాటతాయో చెప్పేది) ఒకటి దాటకుండా చూస్తూ ఉండండి. కన్వెక్షన్‌కు (నీళ్లు తమ వేగాన్ని వెంట మోసుకెళ్లే లెక్కకు) మామూలు అప్‌విండ్ పద్ధతి వద్దు, లీనియర్‌అప్‌విండ్ పెట్టండి.

ఒత్తిడి సాల్వర్ టాలరెన్స్ (ఎంత తప్పు మిగిలితే లెక్క ఆపొచ్చన్న హద్దు) బిగించండి, పదికి మైనస్ ఎనిమిదో ఘాతం దాకా. ఎందుకంటారా? ఈ పరీక్షలో పొరలోకి దిగే నీటి వేగం సెకనుకు 0.25 మిల్లీమీటర్లు. అంచున నీళ్లు సెకనుకు 628 మిల్లీమీటర్లతో తిరుగుతున్నాయి. వదులు టాలరెన్స్‌తో వచ్చే శేషదోషం ఆ పావు మిల్లీమీటరును మింగేయగలదు.

ఇప్పుడు చూడాల్సిన అంకె ఒక్కటే. అక్షం నుంచి 5 సెం.మీ. దూరంలో, సగం లోతులో ఒక ప్రోబ్ (వేగాన్ని నమోదు చేసే బిందువు) పెట్టండి. అక్కడ చుట్టూ తిరిగే వేగం మొదట 0.2827, చివరికి 0.3142 కావాలి. 40 సెకన్ల దగ్గర 0.3026 దరిదాపుల్లో ఉంటే మీ ఎక్మన్ పొర పనిచేస్తున్నట్టే. ఆ అంకె చాలా వెనకబడి ఉంటే నేరుగా అడుగు మెష్ దగ్గరికి వెళ్లండి, వేరే ఏదీ ముట్టుకోకండి. వేగం కాస్త ఊగుతూ పెరిగితే భయపడొద్దు. ఒక్కసారిగా తోసినప్పుడు తిరిగే నీళ్లలో పుట్టే అలలవి, కాసేపటికి అణిగిపోతాయి.

ఇక నిజమైన ఉపరితలం

పరీక్ష పాసయ్యాక మాత్రమే ఇంటర్‌ఫోమ్‌కు వెళ్లండి. గిన్నె ఎత్తు 15 సెం.మీ. చేసి, 10 దాకా నీళ్లు, పైన గాలి నింపండి. అడుగు మెష్ అలాగే ఉంచి, 8 నుంచి 12 సెం.మీ. మధ్య భాగంలో మాత్రం సమానంగా 1 మి.మీ. సెల్‌లు వేయండి. ఉపరితలం తిరిగే ప్రాంతం అదే. పైభాగం గాలికి తెరిచి ఉంచాలి.

తలతన్యతను సున్నా చేయండి. వినడానికి తప్పులా ఉంటుంది, నీటికి తలతన్యత ఉంది కదా అంటారు. ఉంది. కానీ దాని ప్రభావం గోడ దగ్గర రెండు మూడు మిల్లీమీటర్లకే పరిమితం, మన గిన్నె వెడల్పు 20 సెంటీమీటర్లు. మరోపక్క ఈ రకం సాల్వర్లు తలతన్యతను లెక్కించేటప్పుడు ఉపరితలం వెంట లేని సుడులను పుట్టిస్తాయి. ఆ సుడుల వేగం మన 0.25 మిల్లీమీటర్ల కంటే సులువుగా ఎక్కువవుతుంది. లాభం కంటే నష్టం ఎక్కువైనప్పుడు తీసేయడమే మేలు.

ఈసారి నిశ్చలం నుంచే తిప్పండి. మొదట్లో మధ్యభాగం దాదాపు చదునుగానే ఉంటుంది, అంచులు మాత్రం లేస్తాయి. తిరిగే వలయం లోపలికి వచ్చేకొద్దీ గుంట మధ్యకు పాకుతుంది. 1687లో న్యూటన్ తన ప్రిన్సిపియాలో రాసిన బకెట్ ప్రయోగం ఇదే. తాడు మెలిపెట్టి వేలాడదీసిన బకెట్‌ను వదిలితే మొదట బకెట్ తిరిగినా నీళ్లు చదునుగానే ఉన్నాయని, నీళ్లు కూడా తిరగడం మొదలయ్యాకే గుంట పడిందని ఆయన గమనించాడు. మీ స్క్రీన్ మీద అదే వరసలో కనిపించాలి.

జవాబును నమ్మొచ్చా?

మూడు చోట్ల పట్టుకోవాలి. మొదటిది నీళ్ల పరిమాణం. మొదట ఎంత ఉన్నాయో చివరికీ అంతే ఉండాలి. ఒక శాతం తగ్గినా ఉపరితలం దగ్గర టైమ్ స్టెప్ పెద్దదైందని అర్థం. రెండోది ముందు రాసిపెట్టుకున్న ఆకారం: మధ్యలో 9, అంచున 11, 7.07 సెం.మీ. దగ్గర సరిగ్గా 10.

మూడోది చాలామంది చూడనిది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది: కోణీయ ద్రవ్యవేగం ఖాతా. గిన్నెలో నీళ్లు 3.14 కిలోలు. గుంట పడి పూర్తి వేగంతో తిరిగేటప్పుడు వాటి కోణీయ ద్రవ్యవేగం 0.102 యూనిట్లు (చదునైన మూత ఉంటే 0.0987). మన చీలిక 5 డిగ్రీలే కాబట్టి అందులో 72వ వంతు. ఇది గోడల మీది రాపిడి నుంచి తప్ప ఇంకెక్కడి నుంచీ రాదు. ఫోర్సెస్ అనే ఫంక్షన్ ఆబ్జెక్ట్‌తో అడుగు మీది టార్క్ (తిప్పే బలం), పక్క గోడ మీది టార్క్ విడివిడిగా రాయించి, కాలంతో పాటు కూడండి. రెండూ కలిపి నీళ్లలో చేరిన మొత్తంతో సరిపోవాలి. కిరాణా కొట్టు లెక్కలాంటిదే: వచ్చింది, ఉంది, తేడా. తేడా రెండు మూడు శాతం దాటితే ఎక్కడో లీకు ఉంది.

ఇక ఈ చీలిక పద్ధతి పనికిరాని చోట్లు. తిరిగే గిన్నెను ఒక్కసారిగా ఆపితే పక్క గోడ దగ్గర నీళ్లు అస్థిరమై ఉంగరాల్లాంటి సుడులు పుడతాయి, త్వరలోనే గుండ్రటి సౌష్ఠవం చెడిపోతుంది. తిప్పడం సిమ్యులేట్ చేసిన కేసులోనే వేగం సున్నా చేసి ఆపడం కూడా వచ్చేసిందనుకోవద్దు, దానికి పూర్తి గిన్నె కావాలి. అక్షం వంగినా, వాషింగ్ మెషీన్ డ్రమ్ములా అడ్డంగా ఉన్నా అంతే. డ్రమ్ముతో పాటు మీరూ తిరుగుతూ లెక్క వేస్తే గురుత్వాకర్షణ దిశ ప్రతి క్షణం మారుతుంటుంది.

చివరగా, వీలైతే ఒకసారి నిజం నీళ్లతో చేయండి. నెమ్మదిగా తిరిగే బల్ల ఏదైనా సరే, కుమ్మరి సారె దొరికితే మరీ మంచిది. తెల్లటి అడుగున్న గిన్నె పెట్టి, నీళ్లు స్థిరంగా తిరిగాక ఒక్క పొటాషియం పర్మాంగనేట్ పలుకు అడుగుకు జారవిడిచి, వేగం కాస్త పెంచండి. పలుకు నుంచి ఊదా రంగు గీత సాగుతుంది. గిన్నెతో పాటు తిరిగే ఫోను కెమెరాతో చూస్తే ఆ గీత తిరిగే దిశకు వెనక్కి, బయటి వైపుకు, దాదాపు 45 డిగ్రీల కోణంలో పోతుంది. సిమ్యులేషన్‌లో అడుగు నుంచి మొదటి సెల్‌లోని వేగం తీసుకుని, అందులోంచి గోడ వేగాన్ని తీసేసి, అదే కోణం కొలిచి పక్కన పెట్టుకోండి.